రెండు దుర్బీన్లు, ఒకే నంబరు

పదకొండో భాగం

రూప్లా కాలు తీసేశారు. నిజామాబాద్ ఆస్పత్రిలో డాక్టర్లు ఆ మాట రూప్లా భార్యకు చెప్పి గంట కాలేదు, బాన్సువాడ బస్టాండు దగ్గర చాయ్ తాగేవాళ్ల నోళ్లలో అది నానడం మొదలైంది. కొందరు అయ్యో అన్నారు, కొందరు తుపాకి పట్టినవాణ్ని తిట్టారు, మరికొందరు ఇంకో చాయ్ చెప్పారు.

ఇంతదాకా కథ వెంట నడిచినవాళ్లు ఒక్క నిమిషం ఓపిక పట్టండి, ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాలి. హన్మాండ్లు ఇరవై రెండేళ్లు సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. పగలు ఒక బ్యాంకు గుమ్మం దగ్గర కాపలా. చెరకు తోటల్ని తవ్వి పోసే అడవిపందుల్ని కొట్టమని రైతులు పిలిస్తే, అనుమతి కాగితం జేబులో పెట్టుకుని, లైసెన్సు రైఫిల్ భుజాన వేసుకుని వెళ్తాడు. ఆరు రోజుల కిందట బీర్కూర్ వైపు ఒక ఊరికి అలాగే వెళ్లాడు. పొద్దు బాగా ఎక్కేదాకా ఎవరూ తోటల వైపు రావద్దని ముందురోజే ఊళ్లో చాటింపు వేశారు. ఆ చాటింపు తండా దాకా పోలేదు. ఎప్పుడూ పోదు. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ తండా మనిషి రూప్లా, తెల్లవారాక మంచులో కాలవ గట్టెక్కి తుమ్మచెట్టు చాటు నుంచి బయటికొచ్చాడు. గట్టు కింద పంది, దాని వెనక నిలువెత్తు మట్టి. హన్మాండ్లు పేల్చిన గుండు పందికి తగల్లేదు, మట్టికీ తగల్లేదు. పైకి పోయి రూప్లా తొడ ఎముకను నుజ్జు చేసింది.

పోలీసులు రైఫిల్ స్వాధీనం చేసుకుని, హన్మాండ్లును పూచీ మీద వదిలారు. గురి చూడటానికి తుపాకి మీద బిగించే దుర్బీన్ ఉందా అని అడిగితే లేదన్నాడు. వట్టి కళ్లతో అంత దూరం ఎందుకు కాల్చావంటే తల దించుకున్నాడు. ఈ సాయంత్రం అయిదున్నరకు స్టేషన్‌కు పోయి ఆ వాంగ్మూలం మీదే సంతకం పెట్టాలి. కళ్లు పోయిన ముసలోడు పరువు కోసం తుపాకి వదల్లేదని ఊరు ఊరంతా తీర్పు చెప్పేసింది.

కానీ దుర్బీన్ ఉందని ఆయన కూతురు భాగ్యకు తెలుసు. దసరాకు తండ్రికి కొనిచ్చింది ఆమే. వకీలు అడిగిన డిశ్చార్జి పుస్తకం కోసం తండ్రి ట్రంకు పెట్టె తెరిచిన ఆమె చేతికి, పాత మిలిట్రీ స్వెట్టర్‌లో చుట్టిన ఆ దుర్బీన్ తగలడం పోయిన వారం చూశాం. ఆ స్వెట్టర్ మడత ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది.

*

మధ్యాహ్నం మూడున్నర దాటింది. హన్మాండ్లు మంచం మీద కంబళి పరిచి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. స్టేషన్‌కు పోయినా సరే, బట్టలు నలిగి ఉండటం ఆయన ఒంటికి పడదు. ముందు వాకిట్లో భార్య బాలవ్వ బీడీల చాట ముందు కూర్చుని ఉంది. ఆరు రోజులుగా ఆమె ఎవరితోనూ ఎక్కువ మాట్లాడటం లేదు, చేతులు మాత్రం ఆకు చుడుతూనే ఉన్నాయి.

భాగ్య లోపలి గదిలోంచి వచ్చి మంచం ముందు నిలబడింది.

"బాపూ, గిదేంది?"

హన్మాండ్లు తలెత్తి చూశాడు. ఇస్త్రీపెట్టె కాలర్ మీదే ఆగిపోయింది. కాలుతున్న వాసన వచ్చేదాకా ఆయనకు స్పృహ లేదు. చటుక్కున తీసి పక్కన పెట్టి, కాలర్ మీది గోధుమరంగు మచ్చను బొటనవేలితో రుద్దాడు.

"పెట్టెల ఎందుకు చెయ్యి వెట్టినవ్ బిడ్డా?"

"నీ పుస్తకం కోసం వెట్టిన. గిది దొరికింది. పోలీసోళ్లకు దుర్బీనే లేదన్నవ్ కద?"

"అన్న."

"ఎందుకన్నవ్? నేను కొనిచ్చింది పెట్టుకోకుంటనే పోయినవా? బిడ్డ కొన్నదని నామోషీ అయిందా? నీ కండ్ల మీద అంత నమ్మకమా బాపూ? ఒక మనిషి కాలు పోయింది!"

గొంతు పెరిగింది. ఆరు రోజుల నుంచీ ఉగ్గబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. వాకిట్లో బాలవ్వ చేతులు ఆగాయి. భాగ్య మీసేవ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్ల, రోజుకు నూరుమందితో మాట్లాడినా గొంతు పెంచదని పేరు. తండ్రి మీద పెంచడం ఇదే మొదలు. ఆ సంగతి అరిచాకే ఆమెకు తెలిసింది.

"పెట్టుకున్న," అన్నాడు హన్మాండ్లు.

"ఆఁ?"

"పెట్టుకునే పోయిన. దాంట్లకెల్లి చూసే కాల్చిన." మంచం మీద కూర్చున్నాడు. "చెవి కాడ పెట్టుకో. జర ఊపు."

భాగ్య దుర్బీన్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల ఏదో చిన్నగా గలగలమంది, ఎండిన కందికాయలో గింజ లాగా. మళ్లీ ఊపింది. మళ్లీ అదే చప్పుడు.

"ఇటు రా," అని ఆయన లేచి వెనక కిటికీ దగ్గరికి నడిచాడు. కిటికీ గూట్లో రెండు ఇటుకలున్నాయి. అవి అక్కడ ఎందుకున్నాయో ఆమె ఇన్ని రోజులూ పట్టించుకోలేదు. హన్మాండ్లు దుర్బీన్‌ను ఆ రెంటి మధ్య కంబళి గుడ్డతో బిగించి, కంటితో సరిచూసి పక్కకు జరిగాడు.

"చూడు. కమాన్, గా రెండు గీతలు కలిసే కాడ, యేడుంది?"

భాగ్య వంగి చూసింది. రెండు నల్లటి గీతలు అడ్డంగా నిలువుగా కలిసే చోటు, వెనక వీధిలో ఇంటి మీది నీళ్ల ట్యాంకు పైపు బిగించిన నట్టు మీద సరిగ్గా కూర్చుంది.

"నట్టు మీద."

"కన్ను తియ్యకు." హన్మాండ్లు అరచేత్తో దుర్బీన్ వెనక భాగాన ఒక్క దెబ్బ వేశాడు. ఇటుకలు కదల్లేదు, గొట్టమూ కదల్లేదు. గీతలు మాత్రం నట్టు మీది నుంచి జారి ట్యాంకు కింది గోడ మీద నిలబడ్డాయి.

"ఇప్పుడు?"

"గోడ మీద," అంది భాగ్య.

"కమాన్ కిందికి దిగింది. నేను కమాన్‌ను పంది మీద పెడితే, తుపాకి మూతి పైకి లేస్తది. నాకెర్కలేకుంటనే లేస్తది. దసరా అయినంక మూడు దెబ్బలు కుండ మీద కొట్టిన, సక్కగనే తగిలినయ్. కొట్టినకొద్దీ లోపల ఊడుతున్నదని నాకేమెర్క? నాలుగో దెబ్బ పంది మీద కొట్టిన." ఆయన కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. "మీరిద్దరు ఇంట్ల లేనప్పుడు రోజూ చూస్తున్న. ఒక్కపాలన్న సక్కగుంటదేమో అని. ఉంటలేదు."

భాగ్య కిటికీ పక్కన గోడకు ఆనుకుని అలాగే కూలబడింది.

"మరి గిది పోలీసోళ్లకు చెప్తె అయిపాయె కద బాపూ! నీ కన్ను తప్పు కాదు, దుర్బీన్ తప్పు అని!"

"బిల్లు ఎవరి పేరు మీదుంది?"

బిల్లు ఆమె పేరు మీదే ఉంది.

"రూప్లాను ఎత్తుకుని ట్రాక్టర్‌ల ఏసినంక, పోలీసోళ్లు రాకముందే ఇప్పిన. రూపాయి బిళ్లతోటి మరలు ఇప్పి సంచిల ఏసిన. దుర్బీన్‌ను పట్టే కింది పట్టీ తుపాకికే ఉండిపోతె ఎస్సై అడిగిండు, పాత దుర్బీన్‌ది అన్న. నమ్మిండు." హన్మాండ్లు గొంతులో గొప్ప లేదు, సిగ్గు కూడా లేదు. పొలానికి నీళ్లు కట్టిన సంగతి చెప్పినట్టు చెబుతున్నాడు. "దుర్బీన్ అంటే యాడ కొన్నవ్ అంటరు. కొన్నది నేను కాదు, నువ్వు. స్టేషన్‌కు పిలుస్తరు, కోర్టుకు పిలుస్తరు. జనం ఆధార్లు, భూముల కాగితాలు నీ చేతుల పెడుతున్నరు. దొంగ సామాను కొని ఒకని కాలు తీసిందన్న పేరు పడితే రేపటి సంది ఎవడు పెడతడు? నేనంటే ముసలోన్ని. కండ్లు పోయినయంటే అయిపాయె."

"నిన్న రూప్లా పెండ్లాం వచ్చి అడిగింది నిన్ను." భాగ్యకు ఏడుపు తన్నుకొచ్చింది. "కనవడకపోతె ఎందుకు కాల్చినవ్ అని వాకిట్ల నిలవడి అడిగింది. పైసలు అడగలే, తిట్టలే. ఒక్క మాట అడిగింది. నువ్వు తల దించుకున్నవ్. నేను లోపట నిలవడి, మా బాపుకు నిజంగనే కండ్లు పోయినయేమో అనుకున్న."

"ఏం చెప్పమంటవ్? నా కన్ను పోలే, నా బిడ్డ కొన్న దుర్బీన్ పోయింది అని చెప్తె ఆమె మొగనికి కాలొస్తదా?"

భాగ్య లేచి ఇటుకల మధ్య నుంచి దుర్బీన్‌ను తీసి, మళ్లీ కూర్చుని ఒళ్లో పెట్టుకుంది.

"అయినా తుపాకి పట్టుకున్నోనిది తప్పు కాకపోతదా," అన్నాడు ఆయన, ఈసారి తనతో తానే. "పటాలంల నేర్పిండ్రు. పనికి పోయే ముందు రోజూ ఒక దెబ్బ కొట్టి చూసుకోవాలె అని. తూటాలు కరువు, ఎందుకు ఖరాబు చేసుడు అనుకున్న. గా ఒక్క దెబ్బ మట్టిల కొట్టి చూసుకుంటె రూప్లా ఇయ్యాల మేకను తోలుకుంట ఉంటుండె."

*

కొన్న రోజు భాగ్యకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. గుర్తుండకపోతే బాగుండేది.

హైదరాబాద్‌లో తుపాకుల దుకాణానికి పోదాం, చేత్తో పట్టుకుని చూసి కొందాం అన్నాడు తండ్రి. ఏ కాలంల ఉన్నవ్ బాపూ అని ఆమె నవ్వింది. ఫోన్‌లో పండుగ ఆఫర్. దుకాణంలో చెప్పిన ధరలో మూడోవంతు కూడా లేదు. పైన కంపెనీ పేరు, కంపెనీ గుర్తు, అచ్చం అదే పెట్టె. అమ్మేవాడెవడో కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఆమె చదవలేదు. ఊళ్లో సగం మందికి ఆన్‌లైన్‌లో చీరలు, మిక్సీలు, పిల్లలకు పుస్తకాలు తెప్పించి పెట్టే పిల్ల. భాగ్యక్కా, జర నువ్వే చూసి పెట్టు అని వచ్చేవాళ్లు ఎవరూ అమ్మేవాడి పేరు అడగరు. భాగ్య చూసిందంటే చాలు వాళ్లకు. అడగనివాళ్ల మధ్య ఉండి ఉండి, తానూ అడగడం మానేసిందన్న సంగతి ఆమె గమనించుకోలేదు.

పెట్టె దసరాకు పన్నెండు రోజుల ముందే వచ్చింది. విప్పి చూడు బాపూ అంటే హన్మాండ్లు నాలుక కరుచుకున్నాడు. ఆయుధానికి ఎక్కేదాన్ని ఆయుధపూజ రోజున కాక ముందే విప్పుతారా? దేవుడి పటాల ముందు, అట్టపెట్టె అట్టపెట్టెలాగే పెట్టి దండం పెట్టుకున్నాడు. నచ్చకపోతే వాపసు చేయడానికి ఏడు రోజులే గడువు. ఏడో రోజు పొద్దున ఫోన్‌కు మెసేజీ వచ్చింది, వాపసు గడువు ఇవాళ్టితో ముగుస్తుంది అని. సెంటర్‌లో జనం కిటకిటలాడుతున్నారు. భాగ్య ఆ మెసేజీని వేలితో పక్కకు నెట్టేసింది.

పండుగనాడు బాలవ్వ గొట్టం మొత్తానికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. రైఫిల్, దుర్బీన్, కొబ్బరికాయ, వాటి వెనక మీసం తిప్పుకుంటూ హన్మాండ్లు. భాగ్య ఫోటో తీసింది. ఆయన అంత సంతోషంగా నవ్వగా ఆమె చాలా ఏళ్లకు చూసింది.

ఇప్పుడు చున్నీ కొస తడుపుకుని ఆ గొట్టాన్ని తుడవసాగింది. ఎండి గట్టిపడిన పసుపు పొరలు పొరలుగా ఊడుతోంది. కింది వైపు, గీతల్లో పసుపు నిండి కనబడకుండా పోయిన నంబరు ఒక్కొక్క అంకెగా బయటపడింది. తొమ్మిది అంకెలు. ఎవరి ఆధార్ నంబరైనా మూడుసార్లు సరిచూడనిదే బటన్ నొక్కని భాగ్య, ఈ నంబరును మొదటిసారి చదువుతోంది.

ఫోన్‌లో కంపెనీ సొంత పేజీ తెరిచింది. మీ దుర్బీన్ అసలైనదో కాదో ఇక్కడ చూసుకోండి అని ఒక గడి. అంకెలు కొట్టింది. ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఈ నంబరు వేసిన నకిలీలు మార్కెట్లో తిరుగుతున్నాయి, ఇలాంటిది మీ దగ్గరుంటే ఆయుధానికి బిగించవద్దు, మా డీలర్ల జాబితాలో లేనివాళ్ల దగ్గర కొనవద్దు. ఆ హెచ్చరిక పెట్టి ఏడాది దాటిందని కింద తేదీ చెబుతోంది. చూడటానికి రెండు నిమిషాలు పట్టలేదు.

"ఏమొచ్చింది?" అన్నాడు హన్మాండ్లు.

ఆమె ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు లేకుండానే చేయి చాచి దూరం పెట్టి చదివాడు. ఒక్క అక్షరం తడబడలేదు. కళ్లు పోయాయని ఊరంతా అంటున్న మనిషి.

"ఎర్కున్నదే కద," అని ఫోన్ తిరిగిచ్చేశాడు. "కాలర్ మీద మచ్చ పడ్డది. అవ్వను ఇంకో అంగి తీయమను."

"నువ్వు సంతకం పెడ్తలేవు బాపూ."

"బిడ్డా..."

"పెడ్తలేవు. నేనొస్త నీతోటి. బిల్లు, డబ్బా, గిది, అన్ని పట్టుకొస్త."

హన్మాండ్లు ఏదో అనబోయాడు. అప్పటికే భాగ్య బిల్లు కోసం, తాను కొన్న ఆ అమ్మకపు పేజీని వెతుకుతోంది. పేజీ ఇంకా అలాగే ఉంది. పండుగ ఆఫర్ పోయి చలికాలం ఆఫర్ వచ్చింది. కొన్నవాళ్ల అభిప్రాయాల్లో అన్నిటికంటే పైన ఒక ఫోటో ఉంది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, మీసం తిప్పుతున్న తన తండ్రి.

అయిదు నక్షత్రాలు. 'మా బాపుకు దసరా కానుక. ఒరిజినల్ పీస్. నిశ్చింతగా కొనొచ్చు.' రాసింది తనే. పండుగ మర్నాడు, సంతోషం పట్టలేక రాసింది. ఒక్క గుండు కూడా కాల్చకముందే రాసింది. దాని కింద సన్నటి అక్షరాల్లో ఒక లెక్క ఉంది. ఈ అభిప్రాయం ఇరవై ముగ్గురికి ఉపయోగపడింది.

భాగ్య ఆ అంకెను మళ్లీ చదివింది. తండ్రి మీద జాలి, అమ్మినవాడి మీద కోపం, ఇంతసేపూ ఉన్నవన్నీ పక్కకు పోయాయి. మిగిలింది తన మీద తనకు అసహ్యం. ఇరవై ముగ్గురు. వాళ్లెవరో, ఏ ఊరివాళ్లో, ఏ గట్టు ముందు నిలబడి గురి చూస్తున్నారో ఆమెకు తెలియదు. ఒక్కరు తప్ప.

*

ఆ ఒక్కరు వెంకటేశం. వర్ని వైపు మనిషి. హన్మాండ్లు కంటే పదేళ్లు చిన్న, ఆయనలాగే పందుల్ని కొట్టే అనుమతి జాబితాలో పేరున్న షికారీ. తుపాకి పట్టడం హన్మాండ్లు దగ్గరే నేర్చుకున్నాడు. భాగ్య స్టేటస్‌లో ఆ పూజ ఫోటో చూసి, గా లింకు నాకు కూడ పెట్టమ్మా అని అడిగాడు. ఆమె పెట్టింది. దీపావళి దాటాక ఆయన ఒక ఫోటో పంపాడు.

భాగ్య పాత మెసేజీలు పైకి జరుపుకుంటూ పోయింది. దొరికింది. చేతిలో మెరుస్తున్న కొత్త దుర్బీన్, కింద మాట. 'వచ్చిందమ్మా. నాది, మీ బాపుది జోడి.' ఆయన ఇంట్లో ఎవరూ పసుపు పూయలేదు. నంబరు స్పష్టంగా కనబడుతోంది. ఫోటో పెద్దది చేసి, ఒళ్లోని దుర్బీన్ పక్కన పెట్టి, ఒక్కో అంకె మీద వేలు పెట్టుకుంటూ చదివింది.

తొమ్మిదికి తొమ్మిదీ అవే.

"బాపూ, వెంకటేశం కాక కూడ గిదే కొన్నడు. గా దుకాణంలనే. నేనే చెప్పిన. నంబరు గూడ ఒక్కటే."

హన్మాండ్లు చేతిలోని చొక్కా మంచం మీద పడింది. ఆయన ముఖంలో రంగు పోవడం ఆమె చూసింది. రూప్లా కాలు తీశారన్న కబురు వచ్చినప్పుడు కూడా ఆయన ముఖం ఇలా కాలేదు.

"వాడు హైదరాబాద్‌ల కొన్నడనుకున్న," అన్నాడు. "పొద్దుగాల ఫోన్ చేసిండు. నా ఫికర్ తోటి చేసిండు. అన్నా, దుర్బీన్ లేకుంట ఎందుకు పోయినవే, అదుంటె గిట్ల కాకపోతుండె కద, నేనైతే అది లేంది ఇగ మంచె ఎక్క, అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే." ఆయన గడియారం వైపు చూశాడు. "నేను లేదన్న మాట పట్టుకుని వాడు... నాలుగింటికి ఎక్కుతున్నడు ఇయ్యాల. వరికోతలోళ్లు ఇంకా పొలాలల్లనే ఉంటరు గా టైముకు."

గోడ మీది గడియారంలో నాలుగూ ఇరవై.

భాగ్య అప్పటికే వెంకటేశం నంబరు నొక్కింది. స్విచాఫ్ అని తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో వరుసగా చెప్పింది ఆ యంత్రం గొంతు. మళ్లీ కొట్టింది. మళ్లీ మూడు భాషల్లో అదే.

"ఎత్తడు," అన్నాడు హన్మాండ్లు. "మంచె ఎక్కేముందు ఫోన్ బంద్ చేయుమని నేనే నేర్పిన. మోగితే పంది బెదురుతదని."

"ఇంట్ల ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు. పెండ్లాం పిల్లలు బోధన్ పోయిండ్రు పెండ్లికి." ఆయన గది మధ్యలో నిలబడి ఒక వైపు ఓ అడుగు, మరో వైపు ఓ అడుగు వేశాడు. బండి మీద పోయినా వర్ని చేరేసరికి ముప్పావుగంట. ఆ తర్వాత ఏ పొలమో వెతకాలి. "వర్ని స్టేషన్‌కు చేద్దాం. వాళ్లయితే గబగబ పోతరు. నాకియ్యి ఫోన్. నేను మాట్లాడ్త. నేనే కొన్న అంట, నేనే వానికి చెప్పిన అంట."

"బాపూ, ఇంకెన్ని అబద్ధాలు?"

"నీ పేరు రావొద్దు బిడ్డా!"

వాకిట్లోంచి బాలవ్వ లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అంతా విన్నది. చీర చెంగుతో చేతులకంటిన తంబాకు దుమ్ము దులుపుకుంది. భర్తను చూడలేదు, కూతురు వైపే చూసింది.

"నువ్వే చెయ్యి భాగ్యా," అంది. "మీ నాయినకు అబద్ధం ఆడుడు రాదు. ఆరు దినాల సంది చూస్తున్న, అన్నం తింటలేడు."

హన్మాండ్లు చాచిన చేయి మెల్లగా కిందికి దిగింది. ఆయన మంచం పట్టె మీద కూర్చుని రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. భాగ్యకు తండ్రి దగ్గరికి పోయి కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు. వర్ని స్టేషన్ నంబరు వెతికి నొక్కింది.

మూడు రింగులకు ఎత్తారు. మగ గొంతు, వెనక ఎవరివో మాటలు, హడావుడి.

"సార్, నా పేరు భాగ్య. బాన్సువాడకెల్లి మాట్లాడుతున్న. బీర్కూర్ కాడ తుపాకి కేసుల ఉన్న హన్మాండ్లు బిడ్డను." ఊపిరి తీసుకుంది. "ఆ దినం మా బాపు తుపాకికి దుర్బీన్ ఉండె సార్. గది దొంగ దుర్బీన్. కొన్నది నేను. బిల్లు నా పేరు మీదనే ఉన్నది. నా దగ్గరనే ఉన్నది ఇప్పుడు."

మంచం మీద హన్మాండ్లు తలెత్తలేదు. ఆ మాటలు బయటికి రాకుండా ఉండాలనే కదా ఆయన ఆరు రోజులు గుడ్డివాడని అనిపించుకున్నది. ఇప్పుడవి బిడ్డ నోటి నుంచే, తన ఇంట్లోంచే, ఒక పోలీసు చెవిలో పడ్డాయి. భాగ్యకు భయం వేయలేదు. ఆరు రోజుల్లో మొదటిసారి గొంతు తనదిలాగా వినబడింది.

"అచ్చం గసొంటి దుర్బీనే ఇంకొకరి కాడ ఉన్నది సార్. మీ దిక్కే. ఇయ్యాల నాలుగింటికి మంచె ఎక్కిండు. ఆయనను కాల్చనియ్యకుండ్రి. ఫోన్ కలుస్తలేదు. జర ఎవరినన్న తోలుండ్రి సార్, పొలాలల్ల కోతలోళ్లున్నరు. వెంకటేశం అని..."

అవతల వెనకవైపు మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరో ఏదో అడిగారు. ఈ గొంతు ఫోన్‌కు చేయి అడ్డం పెట్టి వాళ్లకు జవాబు చెప్పింది. కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. మళ్లీ లైన్లోకి వచ్చేసరికి ఆ గొంతులో హడావుడి లేదు, మెల్లగా ఉంది.

"వెంకటేశం నీకేమైతడమ్మా?"